కనుమకు పెరట్లో పొగమీద వేట తొడ

కనుమ నాడు ఇంటికి వచ్చిన బంధువులకు వేట తొడను పొగమీద వండిపెట్టదలచినవారు ముందురోజు రాత్రే పని మొదలుపెట్టాలి. రెండు కిలోల తొడకు లోతుగా గాట్లు పెట్టి, 30 గ్రాముల ఉప్పు, అల్లంవెల్లుల్లి ముద్ద, మిరపపొడి, ధనియాల పొడి, గరిటెడు పెరుగు పట్టించి ఫ్రిజ్‌లో ఉంచాలి. పొదలకూరు నిమ్మకాయలు ఎంత రసంతో ఊరిస్తున్నా, వడ్డించేటప్పుడే పిండడం మంచిది; రాత్రంతా పులుపులో నానితే మాంసం పైపొర పిండిపిండిగా మారుతుంది.

మన ప్రకాశం, నెల్లూరు పల్లెల్లో సులువుగా దొరికే సర్కారు తుమ్మ బొగ్గు వేడికి చాలు. పొగకు మాత్రం బాగా ఎండిన జామ లేదా మామిడి కొమ్మ ముక్కలు రెండు మూడు వేయాలి; రంగు వేసిన చెక్కను దరిచేరనీయకూడదు. గాలిరంధ్రాలూ మూతా ఉన్న బొగ్గుల పొయ్యిలో నిప్పులన్నిటినీ ఒక పక్కకు తోసి, రెండో పక్కన జాలీమీద తొడను ఉంచి, దాని కింద నీళ్లగిన్నె పెట్టి మూత వేసి, లోపలి వేడి 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిచేలా గాలిరంధ్రాలను సర్దుకోవాలి. పొగ సన్నగా, నీలిగా ఆడుతుంటే సరే. తెల్లగా, చిక్కగా కమ్ముకుంటే మాంసం చేదెక్కుతుంది. మొదటిసారి ఆత్రం కొద్దీ పది నిమిషాలకోసారి మూత తీసి, పొద్దుగూకేదాకా చుట్టాలను ఆకలితో కూర్చోబెట్టాను.

నాలుగైదు గంటల తర్వాత ఎముకకు తగలకుండా థర్మామీటరు గుచ్చితే 90 డిగ్రీలు దాటాలి. కోడికైతే 74 చాలు. దింపాక అరగంట కప్పి ఉంచి, అప్పుడు కోయాలి. బొగ్గుల పొగ ప్రాణాంతకం కాబట్టి వర్షం పడినా ఈ పొయ్యిని ఇంట్లోకి తేకూడదు.