సొంతూళ్లో మన సినిమా వేసుకోవాలంటే ముందు సౌండు చూసుకోండి

తెనాలిలో నేను బీకాం చదివిన కాలేజీలో నా సినిమా మొదటిసారి వేసినప్పుడు హాలు నిండిపోయింది. తెర మీద నేను నోరు కదుపుతున్నా. వాన వినపడుతోంది, చెప్పుల చప్పుడు వినపడుతోంది, వెనకాల వయొలిన్ కూడా వినపడుతోంది. నా మాట మాత్రం ఎక్కడో పాతాళంలో ఉంది. ముందు వరసలో మా తెలుగు మాస్టారు. ముప్ఫై ఏళ్ల కిందట నాటకం రిహార్సల్లో "చివరి బెంచీకి వినపడాలిరా అబ్బాయ్ నీ గొంతు" అని చీవాట్లు పెట్టింది ఆయనే.

తప్పు పూర్తిగా నాదే. నాలాగా చిన్న వేషాలేసి, ఊరికెళ్లి మనవాళ్లకు సినిమా చూపిద్దామనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నా.

ముందు ఆ సౌండు సంగతి. థియేటర్ కోసం 5.1లో, అంటే ఆరు చానళ్లలో, మిక్స్ చేసినప్పుడు మాటలు దాదాపుగా మధ్య చానల్లోనే పెడతారు. కాలేజీ హాల్లో ఉండేవి అటొకటి ఇటొకటి, రెండు బాక్సులు. ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్ కుదరకపోతే ఎడమ, కుడి చానళ్లే బయటికొస్తాయి, మధ్యది పోతుంది. అంటే పాట ఉంటుంది, వాన ఉంటుంది, మనిషి ఉండడు. కాబట్టి ఎడిటర్‌కి ఫోన్ చేసి "స్టీరియో మిక్స్ ఉన్న ఫైలు ఇవ్వు నాయనా" అని విడిగా అడగండి. రెండు పెన్‌డ్రైవుల్లో వేసుకోండి. ముందురోజు అదే హాల్లో, అదే మైకు సెట్ మీద పది నిమిషాలు వేసి, చివరి వరసలో కూర్చుని వినండి. ఫ్యాన్లు తిరుగుతుండగానే వినాలి. ఖాళీ హాల్లో మోత ఎక్కువ, జనం నిండితే తగ్గుతుంది. ఆ తేడా లెక్కలో పెట్టుకోండి.

అనుమతి మాటకొస్తే, సినిమాలో మనం ఉన్నాం కదా అని సినిమా మనది కాదు. నిర్మాత దగ్గర ఒక ఉత్తరం తీసుకోండి. ఓటీటీకి అమ్మేసి ఉంటే, ఒప్పందంలో ఇలాంటి ప్రదర్శనలకు వీలుందో లేదో ఆయన్నే చూడమనండి. మన ఓటీటీ అకౌంట్ తెరిచి హాల్లో వేసేద్దాం అనుకోవద్దు. అది ఇంట్లో చూసుకోవడానికి ఇచ్చింది. సెన్సార్ సర్టిఫికెట్ కాపీ దగ్గర పెట్టుకోండి. 2024లో యూఏ సర్టిఫికెట్‌ని 7+, 13+, 16+ అని మూడు మెట్లు చేశారు. మాది 16+. పిల్లలకు చూపించాలా వద్దా అన్నది పెద్దవాళ్ల ఇష్టానికి వదిలేదే అయినా, పక్క హైస్కూల్ పిల్లల్నీ పంపిస్తామంటే నేనే వద్దన్నా.

ఊళ్లో వాళ్లకు మాత్రం థియేటర్లోనే వేయండి. మార్నింగ్ షోకి ముందు హాలు ఖాళీగానే ఉంటుంది, ఓనర్‌ని అడిగితే అద్దె మాట్లాడుకోవచ్చు. అక్కడ పెన్‌డ్రైవ్‌లోని మామూలు వీడియో ఫైలు నడవదు. డీసీపీ, అంటే థియేటర్ ప్రొజెక్టర్ కోసం చేసే డిజిటల్ కాపీ కావాలి. దానికి తాళం వేసి ఉంటే తాళంచెవి లాంటి 'కీ' కూడా కావాలి. ఆ కీ ఆ థియేటర్ సర్వర్‌కి, ఆ తేదీకి, ఆ గంటలకే పనిచేస్తుంది. ఎనిమిదింటికి షో అనుకుంటే కీని కనీసం ముందురోజు సాయంత్రం నుంచే మొదలయ్యేలా తీయించండి, లేకపోతే టెస్ట్ వేయడానికి ఉండదు. ఆపరేటర్‌తో ముందే మాట కలపండి. ఆ రోజుకి ఆయనే మీ డైరెక్టరు.

మా పెద్దమ్మ థియేటర్‌కొచ్చి పదిహేనేళ్లయింది. మెట్లెక్కలేదు. అలాంటివాళ్ల కోసం కింది క్లాసులో తలుపు పక్కన కుర్చీలు ఆపించా. ఇదీ రాసిపెట్టుకోండి.

కాలేజీలో వేళ ముఖ్యం. పగలు వేస్తే కిటికీల్లోంచి వెలుతురు పడి బొమ్మ తెల్లబోతుంది. ఆరున్నర దాటాక వేద్దామంటే పల్లెల నుంచొచ్చే ఆడపిల్లలకు చివరి బస్సు పోతుంది. నేను రెండోసారి మధ్యాహ్నమే పెట్టించి, కిటికీలకు టెంట్‌హౌస్ నుంచి నల్ల గుడ్డ తెచ్చి కట్టించా. ఎన్ఎస్ఎస్ పిల్లలు గంటలో కట్టేశారు. సెమిస్టర్ పరీక్షలున్న వారం మాత్రం అడగనే వద్దు.

ఇక అసలు గండం సభ. జ్యోతి ప్రజ్వలన, బొకేలు, శాలువా, ముఖ్య అతిథి రాక ఆలస్యం, ఆయన గొప్ప గురించి ఇంకొకాయన గంట. సినిమా మొదలయ్యేసరికి పిల్లలు లేచి పోతుంటారు. ప్రిన్సిపాల్ గారిని ఒక్కటే బతిమాలండి: "సార్, ముందు సినిమా, తర్వాత శాలువా." సిగ్గుపడకండి. ఈ చుట్టుపక్కల రావికంపాడు గుమ్మడిని ఇచ్చింది, మోరంపూడి జగ్గయ్యను ఇచ్చింది, బుర్రిపాలెం కృష్ణను ఇచ్చింది. పదకొండు నిమిషాలు కనపడే నాకు గంటన్నర సభ ఏ లెక్కన?

షో అయ్యాక పిల్లలు అడుగుతారు, ఎలా పైకొచ్చారు సార్ అని. కష్టే ఫలి అని వదిలేయకండి. హైదరాబాద్ కృష్ణానగర్లో ఎందరం ఒక గదిలో ఉన్నామో, మొదటి వేషానికి ఎంతిచ్చారో, అది ఎన్ని నెలలకు చేతికొచ్చిందో చెప్పండి. నేను అంకెలు చెప్పగానే హాలు నిశ్శబ్దమైపోయింది. అప్పటిదాకా సెల్ఫీల గోలే.

రెండోసారి కూడా మాస్టారొచ్చారు. ఈసారి చివరి వరసలో కూర్చున్నారు, కావాలనే. అయ్యాక దగ్గరికెళ్తే, "వినపడిందిలే. ఆ రెండో సీనులో మాత్రం 'ళ'ని 'ల' అన్నావు" అన్నారు.

వచ్చేటప్పుడు సామాను లెక్కపెట్టుకోండి. పదిహేను మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ నా సొంత డబ్బుతో కొన్నది, ఇంకా ఆ హాల్లోనే ఉంది.