కోబాల్ట్ పొర నిలువుగా నిలవడం లేదా? ముందు ఆక్సిజన్ తక్కువైందో ఎక్కువైందో చూడండి

సమస్య: ప్లాటినం మీద 0.6 నానోమీటర్ల కోబాల్ట్, దాని మీద అల్యూమినియం వేసి, ఆక్సిజన్ ప్లాస్మాలో పెట్టి అల్యూమినియంను ఆక్సైడ్‌గా మార్చారు. కోబాల్ట్ అయస్కాంతత్వం పొరకు నిలువుగా నిలబడాలి. కానీ కెర్ కొలతలో (పొర మీద పడి తిరిగొచ్చే లేజర్ కాంతితో అయస్కాంతత్వాన్ని చూసే పద్ధతి) నలుచదరంగా రావాల్సిన లూప్, అంటే బయటి అయస్కాంత ఫీల్డ్‌ను అటూ ఇటూ మార్చినప్పుడు సిగ్నల్ గీసే గీత, ఏటవాలుగా సాగుతోంది. ఫీల్డ్ సున్నాకు వచ్చేసరికి సిగ్నల్ దాదాపు ఏమీ మిగలడం లేదు.

ఇది చూడగానే ఆక్సిడేషన్ టైమ్ పెంచాలనిపిస్తుంది. నేనూ అదే చేశాను, వారం రోజులు పోయాయి. ఆ బ్యాచ్‌లో ఆక్సిజన్ అప్పటికే ఎక్కువైపోయింది.

కారణం: 0.6 నానోమీటర్లంటే సుమారు మూడు పరమాణు వరుసలే. అంత పలుచటి పొరలో అయస్కాంతత్వాన్ని పడుకోబెట్టాలని పొర ఆకారం చూస్తుంది, నిలబెట్టాలని రెండు అంచులూ చూస్తాయి. కింద ప్లాటినం సాయం ఎలాగూ ఉంది. పైఅంచులో కోబాల్ట్ పరమాణువులు ఆక్సిజన్‌తో బంధం కట్టుకుంటేనే నిలువు అనైసోట్రోపీ (అయస్కాంతత్వం నిలువు దిక్కునే ఇష్టపడటం) గెలుస్తుంది. ఆక్సిజన్ అక్కడిదాకా చేరకపోతే కోబాల్ట్ మీద లోహ అల్యూమినియమే మిగిలిపోతుంది. అంచు దాటి లోపలికి వెళ్తే కోబాల్టే ఆక్సైడ్ అయిపోతుంది. రెండు తప్పులకూ కనిపించే లక్షణం ఒక్కటే, వాలిపోయిన లూప్.

అందుకే ముందు ఏ తప్పో తేల్చుకోవాలి. స్క్విడ్ అనే అతి సున్నితమైన అయస్కాంత కొలత పరికరంలో శాంపిల్ మొత్తం మొమెంట్, అంటే అయస్కాంత బలం, కొలవండి. వేసిన మందానికి రావాల్సిన దానికంటే బాగా తగ్గితే, ఆక్సిజన్ కోబాల్ట్‌ను తింటోందని అనుమానించవచ్చు. ఎక్స్‌పీఎస్ (ఎక్స్-రేలు వేసి, బయటికొచ్చే ఎలక్ట్రాన్ల శక్తిని బట్టి పరమాణువుల రసాయన స్థితి చూసే పద్ధతి) ఉంటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది: లోహ కోబాల్ట్ శిఖరం 778 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటుంది, ఆక్సైడ్‌ది 780 దగ్గర, 786 చుట్టూ ఒక పిల్ల శిఖరంతో. ఇంకో పరీక్ష, ఫీల్డ్‌లో ఉంచి బాగా చల్లబరచడం. కోబాల్ట్ ఆక్సైడ్ యాంటీఫెర్రోమాగ్నెట్, అంటే అందులో పక్కపక్క పరమాణువుల అయస్కాంతత్వాలు ఎదురెదురుగా ఉంటాయి. దాని నీల్ ఉష్ణోగ్రత (ఇది దాటితే ఆ అమరిక చెదిరిపోతుంది) 291 కెల్విన్ దగ్గర ఉంటుంది, పలుచటి పొరల్లో ఇంకా తగ్గుతుంది. చల్లబడిన ఆక్సైడ్ పక్కనున్న కోబాల్ట్‌ను ఒక దిక్కుకు పట్టి ఉంచుతుంది కాబట్టి, చల్లబరిచాక లూప్ పక్కకు జరిగితే లోపల ఆక్సైడ్ ఉన్నట్టే. జరగకపోయినంత మాత్రాన లేదనుకోవద్దు.

పరిష్కారం: ఒక్కో మందానికి ఒక్కో శాంపిల్ చేస్తూ కూర్చోకండి. ఒకే పలక మీద అల్యూమినియంను ఒక చివర పలుచగా, ఇంకో చివర మందంగా, ఏటవాలుగా వేసి, పలకంతా ఒకేసారి ఆక్సిడైజ్ చేయండి. తర్వాత లేజర్ చుక్కను ఆ చివర నుంచి ఈ చివరకు మిల్లీమీటర్ చొప్పున జరుపుతూ కొలవండి. పలుచటి చివర లూప్ వాలి ఉంటుంది, అక్కడ ఆక్సిజన్ ఎక్కువ. మధ్యలో ఒకచోట ఒక్కసారిగా నిటారుగా లేచి నలుచదరమవుతుంది. మందం చివరకు వచ్చేసరికి మళ్లీ వాలిపోతుంది, అక్కడ ఆక్సిజన్ చాలలేదు. మీ ప్లాస్మా టైముకు సరిపోయే అల్యూమినియం మందం ఆ మధ్య చోటే. ఆ లేచే క్షణం చూడటం ఇప్పటికీ నాకు సంతోషమే.

తేడా కొద్దిగానే ఉంటే వాక్యూమ్‌లో అనీలింగ్ (కాసేపు వేడిలో ఉంచడం) చేసి చూడండి. కోబాల్ట్ కంటే అల్యూమినియానికే ఆక్సిజన్ మీద పట్టు ఎక్కువ కాబట్టి, వేడికి ఆక్సిజన్ సర్దుకుని అంచు శుభ్రపడుతుంది. మరీ వేడి చేస్తే మాత్రం కిందివైపు ప్లాటినం, కోబాల్ట్ కలిసిపోయి ఉన్న అనైసోట్రోపీ కూడా పోతుంది. అందుకే మొత్తం పలకను పెట్టకుండా ముక్కలు కోసి, ఒక్కో ముక్కను ఒక్కో ఉష్ణోగ్రతలో పరీక్షించండి.