తాడ్వాయి అడవి దారికి బండి తీసే ముందు చక్రాలు చూసుకోండి

హన్మకొండ నుంచి మేడారం వైపు వెళ్తున్నారా? పస్రా దాటాక తాడ్వాయి అడవి మొదలవుతుంది, చీకటి పడితే పంక్చర్ షాపు దొరకడం కష్టం. కాబట్టి ఇంటి దగ్గరే చూసుకోండి.

ముందు మీది ట్యూబ్ టైరా, ట్యూబ్‌లెస్సా తెలుసుకోండి. స్పోక్ (సన్నటి కడ్డీల) చక్రాలకు ఎక్కువగా ట్యూబే ఉంటుంది, మేకు దిగితే గాలి గబుక్కున పోతుంది. అందుకే స్పేర్ ట్యూబ్, టైర్ లివర్లు (టైరును రిమ్ నుంచి ఊడదీసే కడ్డీలు), పంపు తప్పకుండా పెట్టుకోండి. ట్యూబ్‌లెస్ అయితే ప్లగ్ కిట్ (రంధ్రం మూసే సామాను), పంపు చాలు. మేకు కనిపించగానే పీకేయకండి, అది ఉన్నంతసేపు గాలి మెల్లగానే దిగుతుంది.

స్పోక్‌లను ఒక్కొక్కటిగా చిన్న స్పానర్‌తో తట్టండి. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది దబ్బుమంటుంది. వదులైనవి మీరే ఇష్టమొచ్చినట్టు బిగించకండి, రిమ్ వంకర పోతుంది. తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి.

అల్లాయ్ చక్రానికి (సన్నటి కడ్డీలు లేని, ఒకే ముక్కగా పోత పోసినది) ఈ బాధ లేదు. కానీ గుంతలో గట్టిగా పడితే పగులు రావచ్చు. రిమ్ అంచు వేలితో తడిమి చూడండి, పగులుంటే ప్రయాణం ఆపేయండి.

గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి.

దారిలో గాలి పోతే టెన్షన్ పడి బ్రేక్ నొక్కకండి. యాక్సిలరేటర్ వదిలి, హ్యాండిల్ నిటారుగా పట్టుకుని పక్కకు ఆపండి.