మీడియం వోల్టేజ్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఫ్యూజు రేటింగు ఎంచుకునే పద్ధతి

ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైపు (సరఫరా వచ్చే వైపు) అమర్చే హెచ్‌.ఆర్‌.సి. ఫ్యూజు, అంటే భారీ ఫాల్ట్ కరెంటును తెంచగల ఫ్యూజు, ఓవర్‌లోడును ఆపడానికి ఉద్దేశించినది కాదు. ఈ తరహా ఫ్యూజుల్లో ఎక్కువ భాగం ‘బ్యాకప్’ రకానివి. వాటికి ఒక కనిష్ఠ ఛేదన కరెంటు (ఫ్యూజు సురక్షితంగా తెంచగల అతి తక్కువ కరెంటు) ఉంటుంది. అంతకన్నా తక్కువ కరెంటుకు లోపలి వెండి తీగ కరిగినా ఆర్క్ (తెగిన చోట మండే విద్యుత్ మంట) ఆరదు, పింగాణీ గొట్టం పగిలిపోయే ప్రమాదమూ ఉంది. కాబట్టి ఓవర్‌లోడు బాధ్యతను సెకండరీ వైపు బ్రేకరుకో, వైండింగ్ ఉష్ణోగ్రతను గమనించే పరికరానికో అప్పగించి, ఫ్యూజును షార్ట్ సర్క్యూట్‌కు మాత్రమే లెక్కించాలి. ఫుల్ లోడ్ కరెంటును ఒకటిన్నరతోనో రెండుతోనో గుణించి రేటింగు తేల్చేయడం చాలాచోట్ల కనిపించే అలవాటే అయినా, అది తొలి అంచనాకు పనికివస్తుందే తప్ప ఎంపికకు చాలదు.

వోల్టేజ్ సంగతి త్వరగానే తేలుతుంది. ఫ్యూజు రేటింగు సిస్టమ్ గరిష్ఠ వోల్టేజ్‌కు తగ్గకూడదు కాబట్టి, 11 కె.వి. లైనుకు 12 కె.వి. ఫ్యూజును తీసుకుంటారు. ఎక్కువ వోల్టేజ్‌ది వేస్తే మరింత భద్రమనుకోవడం పొరపాటు, ఎందుకంటే కరెంటును అణిచేటప్పుడు పొడవైన ఫ్యూజు పుట్టించే ఆర్క్ వోల్టేజ్ మిగతా పరికరాల ఇన్సులేషన్ మీద పడుతుంది. ఛేదన సామర్థ్యం ఆ స్థలంలోని గరిష్ఠ ఫాల్ట్ కరెంటును మించి ఉండాలి.

అసలు శ్రమ కరెంటు రేటింగు దగ్గర మొదలవుతుంది. ఉదాహరణకు 500 కె.వి.ఎ., 11 కె.వి., 4 శాతం ఇంపెడెన్స్ (ఫాల్ట్ కరెంటును పరిమితం చేసే అంతర్గత అవరోధం), డెల్టా-స్టార్ (ప్రైమరీ వైండింగ్‌లు త్రిభుజంలా, సెకండరీవి నక్షత్రంలా కలిపిన) ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసుకుందాం. 500ను 1.732తోను, 11తోను భాగిస్తే ఫుల్ లోడ్ కరెంటు సుమారు 26.2 ఆంపియర్లు వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆన్ చేసిన క్షణంలో కోర్ సంతృప్తమై లాగే ఇన్‌రష్ కరెంటును సాధారణంగా ఫుల్ లోడ్‌కు 10 నుంచి 12 రెట్లుగా, 0.1 సెకను పాటు ఉంటుందని లెక్కలోకి తీసుకుంటారు. 12 రెట్లనుకుంటే అది దాదాపు 315 ఆంపియర్లు. తయారీదారు ఇచ్చిన సమయ-కరెంటు వక్రరేఖ (ఎంత కరెంటుకు ఎంతసేపట్లో ఫ్యూజు కరుగుతుందో చూపే గ్రాఫు) మీద 0.1 సెకను దగ్గర, ఫ్యూజు కరిగే కరెంటు ఈ 315కు స్పష్టమైన ఎడంతో పైన ఉండాలి. వక్రరేఖకు టాలరెన్స్ (కొంత అటూఇటూ తేడా) ఉంటుంది కాబట్టి అంచుమీద నిలిచే ఫ్యూజును వదిలేయాలి. పదేపదే వచ్చే ఇన్‌రష్‌కు తీగ క్రమంగా బలహీనపడి, ఏ ఫాల్టూ లేనప్పుడు కరిగిపోతే కారణం వెతకడం చాలా కష్టం.

ఇది కింది హద్దు. పై హద్దు సెకండరీ టెర్మినళ్ల దగ్గరి ఫాల్టు నుంచి వస్తుంది. 26.2ను 0.04తో భాగిస్తే ప్రైమరీలో కనిపించే మూడు ఫేజుల ఫాల్ట్ కరెంటు సుమారు 656 ఆంపియర్లు. ఫ్యూజు కనిష్ఠ ఛేదన కరెంటు దీనికి బాగా తక్కువగా ఉండాలి, పైగా ఆ కరెంటుకు అది త్వరగా పనిచేయాలి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అయితే డెల్టా-స్టార్ అమరికలో సెకండరీ ఫేజు ఒకటి న్యూట్రల్‌కు తగిలితే ప్రైమరీ లైన్లలో కనిపించేది అందులో దాదాపు 58 శాతం, అంటే సుమారు 379 ఆంపియర్లే. ‘కాస్త పెద్దది వేద్దాం’ అనుకుని 100 ఆంపియర్ల ఫ్యూజు పెట్టినవారు ఈ సంఖ్యను దాని కనిష్ఠ ఛేదన కరెంటుతో పోల్చి చూడాలి. ఈ ట్రాన్స్‌ఫార్మర్‌కు లెక్క సాధారణంగా 50 ఆంపియర్ల దగ్గర తేలుతుంది, కానీ ఒక్కో తయారీదారు వక్రరేఖ ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి ఆ ఫ్యూజు సొంత వివరపత్రం చూడనిదే ఖాయం చేయకూడదు.

తర్వాత సెకండరీ వైపు ఫ్యూజు లేదా బ్రేకరు వక్రరేఖను టర్న్స్ నిష్పత్తితో (రెండు వైండింగ్‌ల చుట్ల నిష్పత్తితో) ప్రైమరీ వైపుకు మార్చి, ప్రైమరీ ఫ్యూజు వక్రరేఖ ఉన్న గ్రాఫు మీదే గీయాలి. దిగువన ఫాల్ట్ వస్తే ముందు దిగువదే తెగాలి, ఆ క్రమం గరిష్ఠ ఫాల్ట్ కరెంటు వరకూ నిలవాలి. ఇరుకైన క్యుబికల్ (ఫ్యూజులు అమర్చిన లోహపు పెట్టె) లోపల వేడి ఎక్కువైతే అదే ఫ్యూజు మోయగల కరెంటు తగ్గుతుంది కాబట్టి, తయారీదారు చెప్పిన తగ్గింపు గుణకాన్ని కూడా వర్తింపజేయాలి.

ఫ్యూజుతో పాటు లోడ్ బ్రేక్ స్విచ్ (లోడు కరెంటును తెంచగల స్విచ్) కూడా ఉంటే మరో పరీక్ష మిగులుతుంది. మూడింటిలో మొదటి ఫ్యూజు కరగగానే దాని స్ట్రైకర్ పిన్ (ఫ్యూజు కరగగానే చివరనుంచి బయటికి దూకే పిన్) బయటికి తన్ని స్విచ్‌ను ట్రిప్ చేస్తుంది, మిగిలిన రెండు ఫేజుల కరెంటును తెంచే పని ఫ్యూజులదా స్విచ్‌దా అన్నది ‘ట్రాన్స్‌ఫర్ కరెంటు’ నిర్ణయిస్తుంది. ఈ విలువ స్విచ్ రేటింగు లోపల ఉండాలి, సెకండరీ టెర్మినళ్ల ఫాల్ట్ కరెంటు కన్నా తక్కువగానూ ఉండాలి. అప్పుడే ఆ కఠినమైన ఫాల్టును స్విచ్ కాక ఫ్యూజులే తెంచుతాయి. ఇందుకు ఐ.ఈ.సి. (అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం) 62271-105 ప్రమాణం, ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజుల ఎంపికకు ఐ.ఈ.సి. 60787 మార్గదర్శి ఆధారం.

ఒక్క ఫ్యూజు తెగినా మూడింటినీ మార్చాలి, ఎందుకంటే అదే ఫాల్ట్ కరెంటు ప్రవహించిన మిగతా రెండింటి తీగలు సగం కరిగి ఉండవచ్చు, మల్టీమీటరుతో చూస్తే మాత్రం అవి బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. కొత్తవాటిని బిగించేటప్పుడు స్ట్రైకర్ పిన్ ట్రిప్ మీట ఉన్న వైపుకే తిరిగి ఉందో లేదో చూడాలి.