స్కీయింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: పక్కకు జారి దిగడం

మూడో పాఠం చదివి ఆస్ట్రియాలోని సాంక్ట్ ఆంటన్‌కి వెళ్లొచ్చినవాళ్లు ఇంచుమించు ఒకే మాట రాశారు. పొద్దున బాగానే దిగాం, సాయంత్రం అదే దారిలో స్కీలు విప్పి భుజాన వేసుకుని నడిచాం అని. తప్పు నాదే. నీలం గుర్తున్న దారులు తేలిక అని ఒక్క ముక్క రాసి వదిలేశాను.

నీలం అంటే వాలు 25 శాతం లోపు, ఎరుపు అంటే 40 శాతం లోపు, అది దాటితే నలుపు. ఆ రంగు వాలు ఎంతో చెబుతుంది, అంతే. జనం ఎంతమంది ఉంటారో, మధ్యాహ్నానికి మంచు ఏమవుతుందో చెప్పదు. సాంక్ట్ ఆంటన్‌లోని ష్టైస్‌బాఖ్‌టాల్ దారి నీలమే. కానీ 2811 మీటర్ల వల్లూగా శిఖరం వైపు నుంచి, గాల్జిగ్ కొండ నుంచి ఇంటిదారి పట్టినవాళ్లంతా అందులోకే దిగుతారు. అందరి స్కీలూ గీరి గీరి మంచు గుట్టలుగా పోగవుతుంది, మధ్యలో గట్టి ఐసు తేలుతుంది. అక్కడ స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టే నాగలి ఆకారంలోనే దిగుతానంటే కాసేపటికే తొడలు వణుకుతాయి.

అందుకే ఈసారి చెబుతానన్న పారలల్ టర్న్, అంటే రెండు స్కీలూ సమాంతరంగా ఉంచి తిరగడం, వాయిదా వేస్తున్నాను. ఎక్కడ ఇరుక్కున్నా క్షేమంగా కిందికి రావడం ముందు నేర్చుకుందాం.

దానికి ముందు ఒక అలవాటు వదలాలి. వెనక్కి వాలడం. మీరు పంపిన వీడియోలన్నిటిలోనూ ఇదే, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. భయం వేయగానే ఒళ్లు కొండవైపు ఒరుగుతుంది. మెట్లు దిగుతూ జారితే వెనక్కి కూలబడటమే మేలు, శరీరానికి ఆ అలవాటే ఉంది. స్కీల మీద అదే కొంప ముంచుతుంది. వెనక క్యారియర్ మీద పెద్ద బస్తా వేసిన సైకిల్ తొక్కారా? హ్యాండిల్ తేలిపోయి, తిప్పినా ముందు చక్రం సరిగా మాట వినదు. స్కీ కూడా అంతే. తిరగడం ముందు కొసతో మొదలవుతుంది. బరువు మడమల మీదికి పోతే ఆ కొస మంచును పట్టదు, స్కీ నేరుగా కిందికి ఉరుకుతుంది. వేగం పెరిగితే ఇంకా భయం, ఇంకా వెనక్కి. కుర్చీలో కూర్చున్నట్టు దిగేవాళ్లు, చేతులు నడుము వెనక్కి వదిలేసేవాళ్లు, బూటులో కాలివేళ్లు ముడుచుకునేవాళ్లు, అందరిదీ ఒకటే జబ్బు. మోకాలి కింది ఎముక బూటు ముందుభాగానికి ఆనుతోందా? ఆనకపోతే మీరు వెనక్కి వాలినట్టే. నేనైతే రెండు చేతులూ వడ్డించే పళ్లెం పట్టుకున్నట్టు ముందు ఉంచుతాను, ప్రతి టర్న్‌కు ముందు "ముందుకు" అని పైకే అంటాను.

ఇక పక్కకు జారడం. వాలుకు అడ్డంగా నిలబడండి. నీళ్లు పోస్తే ఏ వైపు పారతాయో స్కీలు దానికి అడ్డంగా ఉండాలి. బరువు ఎక్కువ భాగం దిగువ స్కీ మీద, ఛాతీ, చూపు లోయవైపు. ఇప్పుడు స్కీలు ఎగువ అంచులతో మంచును కరిచి ఉన్నాయి. మోకాళ్లను లోయవైపు కొద్దిగా వదిలితే పట్టు సడలి జారతారు. మళ్లీ కొండవైపు నొక్కితే ఆగుతారు. ముందుకు పోతుంటే బరువు కాస్త వెనక్కి, వెనక్కి పోతుంటే కాస్త ముందుకు. అంటే వేలెడు తేడా, కూలబడటం కాదు.

ఒక్కో మెట్టుగా ఇలా నేర్పే పద్ధతి సాంక్ట్ ఆంటన్‌దే. 1907లో అక్కడికి శిక్షకుడిగా వచ్చిన హానెస్ ష్నైడర్, నాగలి నుంచి మొదలుపెట్టి వరసగా కష్టమైన మలుపులకు తీసుకెళ్లే ఆర్ల్‌బర్గ్ పద్ధతిని తయారు చేశాడు. 1938లో నాజీలు ఆయన్ని అరెస్టు చేశారు, మరుసటి ఏడాది అమెరికా చేరి అక్కడా నేర్పాడు. ఈ పాఠాల వరస ఆయన పెట్టిన భిక్షే.

మూసర్‌విర్ట్ అనే బార్ గురించి కూడా అడిగారు. వెళ్లండి, స్కీ బూట్లతోనే బల్లలెక్కి ఆడే ఆ సందడి నాకూ ఇష్టం. కానీ మూసర్‌విర్ట్, క్రేజీ కంగారూ అనే ఇంకో బార్ రెండూ ఊరికి పైన వాలు మీదే ఉన్నాయి, తాగాక దిగాల్సింది చీకట్లో. లిఫ్టులు ఆగాక మంచు చదును చేసే యంత్రాలు బయల్దేరతాయి. నిటారు చోట్ల వాటిని పైనుంచి ఇనుప తాడుతో కడతారు, ఆ తాడు చీకట్లో కనిపించదు. అందుకని అక్కడ టీ తాగి వెలుతురు ఉండగానే దిగిపోతాను. బీరు ఊళ్లో, మామూలు బూట్లలో. నడివీధిలోనూ బార్లకు కొదవలేదు.

సాధన సాంక్ట్ ఆంటన్‌లోనే కొత్తవాళ్లు నేర్చుకునే నాస్సెరైన్ వాలులో, పోల్స్ (చేతికర్రలు) లేకుండా. ఒక్కో వైపు 30 మీటర్లు జారాలి, ముందే అనుకున్న గుర్తు దగ్గర ఆగాలి. కుడి పక్క పదిసార్లు, ఎడమ పక్క పదిసార్లు. తడబడే పక్క ఇంకో పది. ఇదంతా పొద్దున కాదు, మధ్యాహ్నం మూడు తర్వాత, కాళ్లు అలిసినప్పుడు చేయండి.