నల్లని చర్మానికి, ఉంగరాల జుట్టుకు హానిలేని సౌందర్య సామగ్రిని ఎంచుకోవడం ఎలా?

హైదరాబాద్ దుకాణాలలో ‘క్లీన్’, ‘నేచురల్’, ‘కెమికల్ ఫ్రీ’ అని రాసి ఉన్న క్రీములు, నూనెలు, షాంపూలు కొల్లలుగా దొరుకుతున్నాయి. అయితే మన దేశపు సౌందర్య సామగ్రి నిబంధనలు, 2020లో ‘క్లీన్’ అనే మాటకు నిర్వచనం లేదు కనుక ఆ ముద్రను చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు. ఈ జాగ్రత్త అందరికీ అవసరమే. కానీ టోలిచౌకిలో ఉండి చదువుకుంటున్న ఆఫ్రికా యువతులకు, నిజాం కాలపు ఆఫ్రికన్ అశ్వికదళం పేరు మిగిలిన ఏసీ గార్డ్స్‌లోని, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ కుటుంబాల స్త్రీలకు, మనలో నల్లని ఛాయ గల ఆడపిల్లలకు మరింత అవసరం. రంగును తగ్గిస్తామని, జుట్టును నిటారు చేస్తామని చెప్పి వీరికి అమ్మే సరుకులలోనే అత్యంత ఘాటైన రసాయనాలు ఉంటాయి.

ముందుగా డబ్బాను వెనక్కు తిప్పి చదవాలి. తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ, పదార్థాల పట్టిక ఉన్నాయో లేదో చూడాలి. దిగుమతి సరుకైతే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ సంఖ్య, దిగుమతిదారు చిరునామా కూడా ఉండాలి. ఇవి లేని డబ్బాను మూత తీయకుండానే తిరిగి ఇచ్చేయాలి. పదార్థాలను ఎక్కువ మోతాదు నుంచి తక్కువకు వరుసగా రాస్తారు, ఒక శాతం లోపు ఉన్నవాటిని చివర ఏ వరుసలోనైనా రాయవచ్చు. కాబట్టి పట్టికను కడదాకా చదవాలి. ఆకుపచ్చ చుక్కను చూసి మాత్రం నిశ్చింతగా ఉండకూడదు. అది శాకాహారమని మాత్రమే చెబుతుంది, ఆ లెక్కన పాదరసమూ శాకాహారమే.

ఆ పాదరసం ఛాయను తెల్లబరిచే క్రీములలో నేటికీ కనిపిస్తూనే ఉంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అది అడ్డుకుంటుంది కనుక కొద్ది వారాలలోనే ముఖం తేటపడినట్లు కనిపిస్తుంది, కానీ చర్మం గుండా ఒంట్లోకి చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో ఇటువంటి క్రీములు వాడినవారికి మూత్రంలో ప్రొటీన్ పోయే అరుదైన జబ్బు వచ్చిందని అక్కడి మూత్రపిండాల వైద్యులు 2023లో గుర్తించారు. కంటికి వాడేవి మినహా ఇతర సౌందర్య సామగ్రిలో అనుకోకుండా చేరే పాదరసం కూడా 1 పీపీఎంను (పది లక్షల భాగాలలో ఒక భాగాన్ని) మించకూడదని మన నిబంధన. పట్టికలో మెర్క్యురస్ క్లోరైడ్, కాలొమెల్, మెర్క్యురిక్ అయోడైడ్, అమోనియేటెడ్ మెర్క్యురీ అనే పేర్లలో ఏది ఉన్నా ఆ క్రీమును కొనకూడదు. బంగారానికి, వెండికి, అల్యూమినియానికి తగలనీయవద్దని డబ్బా మీద హెచ్చరిక ఉంటే అది మరింత బలమైన గుర్తు, ఎందుకంటే పాదరసం ఈ లోహాలను పాడుచేస్తుంది. చేతి గాజులకు పనికిరానిది చెంపకు పనికివస్తుందా?

మందుల దుకాణంలో నోటిమాటతో అడిగి తెచ్చుకునే ట్యూబుల సంగతి వేరు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనేవి స్టెరాయిడ్లు. చర్మానికి పూసే 14 స్టెరాయిడ్లను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని కేంద్రం 2018లో నిర్దేశించింది. ట్యూబు మీద ఎర్ర గీత, ఆర్‌ఎక్స్ గుర్తు ఉన్నాయంటే అది మందు, ముఖానికి రోజూ రాసే క్రీము కాదు. వీటితో చర్మం పలచబడుతుంది, మొటిమలు లేస్తాయి, మానగానే ముఖం ఎర్రబడి మండుతుంది. అందుకే ఇప్పటికే వాడుతున్నవారు చర్మవైద్యుని సలహాతోనే మానుకోవాలి. హైడ్రోక్వినోన్ స్టెరాయిడ్ కాదు గానీ, రంగును తగ్గించే ఆ మందును కూడా ఏళ్ల తరబడి వాడితే నల్లని చర్మం మీద నీలి నలుపు మచ్చలు శాశ్వతంగా మిగిలిపోవచ్చు. దక్షిణాఫ్రికాలోని నల్లజాతి స్త్రీలలో ఈ స్థితిని వైద్యులు 1975లోనే వర్ణించారు.

జుట్టు విషయంలో నిదానంగా ఆలోచించాలి. జుట్టును నిటారు చేసే రిలాక్సర్లలో ‘లై’ అని పిలిచే ఘాటైన క్షారం, అంటే సోడియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. ‘నో లై’ రకాలలో దాని బదులు వేరే క్షారం ఉంటుంది కానీ క్షారం తప్పదు, మాడు కాలడమూ తప్పకపోవచ్చు. అమెరికాలో 33,497 మంది స్త్రీలను సుమారు పదకొండేళ్లు గమనించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, జుట్టును నిటారు చేసే రసాయనాలను ఎన్నడూ వాడనివారిలో 1.64 శాతం మందికి, ఏడాదిలో నాలుగుసార్ల కంటే ఎక్కువగా వాడినవారిలో 4.05 శాతం మందికి 70 ఏళ్ల లోపు గర్భాశయ క్యాన్సర్ రావచ్చని అంచనా వేశారు. ఇది సంబంధాన్ని చూపుతుందే గాని కారణాన్ని రుజువు చేయదు. అయినా వాటిని వాడినవారిలో సుమారు 60 శాతం నల్లజాతి స్త్రీలే కనుక ఆ భారం ఎవరి మీద పడుతుందో తెలుస్తూనే ఉంది.

మన పార్లర్లలో చేసే కెరాటిన్, స్మూతెనింగ్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. సీసా చూపించమని అడిగి ఫార్మాల్డిహైడ్, ఫార్మలిన్, మిథిలీన్ గ్లైకాల్ అనే పేర్ల కోసం వెదకాలి. ఫార్మాల్డిహైడ్ మనుషులలో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. దాని బదులు వాడే గ్లైఆక్సిలిక్ ఆమ్లంతో మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతం 2024లో వైద్యపత్రికకు ఎక్కింది. సీసా చూపించడానికి ఇష్టపడని పార్లర్ నుంచి లేచి రావడమే మేలు.

లాడ్‌బజార్‌లో దొరికే గోరింటాకు కోనుల విషయంలో గుర్తు తేలిక: అసలు గోరింటాకు నారింజ రంగు నుంచి ముదురు ఎరుపు దాకా పండుతుంది, కొద్ది నిమిషాలలో నల్లగా పండేదానిలో సాధారణంగా పీపీడీ అనే రసాయన రంగు కలిసి ఉంటుంది. బొబ్బలకు, అలర్జీకి అది పేరుమోసినది. అదే రంగు తల రంగులలోనూ ఉంటుంది కనుక చెవి వెనుక కొద్దిగా రాసి 48 గంటలు ఆగి చూడాలి. సుర్మా రాయిలో సీసం ఉండవచ్చు. పసిపిల్లల కళ్లకు అసలు పెట్టకూడదు.

క్రీములు చెడిపోకుండా కలిపే పారబెన్లంటే చాలామంది భయపడుతున్నారు, కానీ ఇంత ఆందోళన అనవసరమని నా అభిప్రాయం. నిల్వ ఉంచే పదార్థం ఏదీ లేని క్రీము మన మే నెల ఎండకు చెడిపోయి సూక్ష్మజీవులకు నెలవవుతుంది, అదీ ప్రమాదమే. సువాసన పడనివారు మాత్రం ‘ఫ్రాగ్రెన్స్’, ‘పర్ఫ్యూమ్’ అనే మాటలు లేనివి చూసుకోవాలి, ఆ ఒక్క మాట వెనుక అనేక పదార్థాలు దాగి ఉంటాయి.

మరి ఏమి వాడాలి? మచ్చలకు నియాసినమైడ్ గానీ, వైద్యుని సలహాతో అజిలాయిక్ ఆమ్లం గానీ ప్రయత్నించవచ్చు. నల్లని చర్మంలో కంటికి కనిపించే వెలుతురు కూడా మచ్చలను ముదురు చేస్తుంది కాబట్టి, ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేత గోధుమరంగు సన్‌స్క్రీన్ ఎంచుకుంటే రక్షణ దొరుకుతుంది, తెల్లని పూత కూడా తేలదు. ఉంగరాల జుట్టును తడిగా ఉన్నప్పుడే, కండిషనర్ పట్టించి, పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో కింది నుంచి పైకి చిక్కు తీసుకోవాలి.

ఏదైనా వికటిస్తే వాడకం ఆపి, డబ్బాను, బిల్లును పారేయకుండా దాచి, చర్మవైద్యునికి చూపించాలి. ఆపైన వాటిని జతపరచి, బ్యాచ్ సంఖ్యతో సహా, వెంగళరావునగర్‌లోని తెలంగాణ ఔషధ నియంత్రణ పరిపాలన కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వవచ్చు.