మస్టాంగ్ వెనక భాగం జారుతోందా? పార్టులు కొనే ముందు ఇవి చూసుకోండి

ఇంజిన్ బలమంతా వెనక చక్రాలకే వెళ్లే ఫోర్డ్ వాళ్ల స్పోర్ట్స్ కారు, 2016 మస్టాంగ్ జీటీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్న మూడో వారమే, వానలో ఫ్రీవే ఎక్కే ర్యాంప్ మీద బండి గిర్రున తిరిగింది. ఆగి చూస్తే నేను వచ్చిన దారివైపే ముఖం పెట్టి ఉన్నాను. దేనికీ తగల్లేదు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ తర్వాత రెండు నెలలు, మబ్బు పట్టిందంటే చాలు, మా ఆవిడ క్యామ్రీ తాళాలు తీసుకునేవాణ్ణి.

డల్లాస్‌లో మా వాళ్లు నవ్వారు. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు బండ్లు తెచ్చి కలుసుకునే కార్స్ అండ్ కాఫీ నుంచి బయటికి వస్తూ ఫుట్‌పాత్ ఎక్కేసే మస్టాంగ్‌ల మీద ఇక్కడ జోకులకు కొదవ లేదు. ఒక్కొక్కటీ వెతుక్కుంటూ పోతే నాకు తేలింది ఇది: తప్పులో ఎక్కువ భాగం టైర్లది, కొంత నా కుడికాలిది. బండిది చాలా తక్కువ.

ముందు ఒక లెక్క చూడండి. 2015-17 జీటీ టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 400 పౌండ్-ఫుట్, అంటే సుమారు 542 న్యూటన్ మీటర్లు. మాన్యువల్ గేర్‌బాక్స్‌లో ఫస్ట్ గేర్ రేషియో 3.66, పెర్ఫార్మెన్స్ ప్యాక్ (కంపెనీ అదనంగా ఇచ్చే స్పోర్ట్స్ ప్యాకేజీ) బండిలో వెనక యాక్సిల్ రేషియో 3.73. ఇవి ఆ బలాన్ని అన్ని రెట్లు పెంచుతాయి. మధ్యలో పోయేది పోగా, ఫస్ట్‌లో వెనక చక్రాల దగ్గర సుమారు 1,900 కిలోల తోపు ఉంటుంది. సెకండ్‌లో 1,250, థర్డ్‌లో 900 దాకా. మంచి టైర్లయినా పొడి రోడ్డు మీద పట్టుకోగలిగేది దాదాపు 950 కిలోలు. తడి రోడ్డయితే 600 అనుకోండి. కాబట్టి సెకండ్‌లో ఫుల్లుగా తొక్కితే చక్రాలు తిరగడం జబ్బు కాదు. కొంచెం తొక్కినా జారడం, నిన్న పట్టిన చోటే ఇవాళ జారడం... అదీ జబ్బు. భయం పుట్టేది కూడా అక్కడే. రోజూ ఒకేలా జారే బండికి మనిషి అలవాటు పడతాడు, రోజుకోలా ఉండే బండికి పడలేడు.

పొద్దున జారుతుంది, మధ్యాహ్నం బాగానే ఉంటుంది

చల్లదనం వల్ల. పెర్ఫార్మెన్స్ ప్యాక్‌తో వచ్చేవి సమ్మర్ టైర్లు. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్తే ఆ రబ్బరు గట్టిపడి, రోడ్డును పట్టుకోవడం మానేస్తుంది. టెక్సాస్‌లో చలి ఎక్కడిది అనుకుంటాం గానీ జనవరి పొద్దుల్లో ఆఫీసుకు వెళ్లేవాళ్లకు తెలుసు. చలికాలంలో కూడా రోజూ నడపాలంటే ఆల్-సీజన్ టైర్లు వేయించండి, లేదంటే ఆ రోజుల్లో ఈ బండి బయటికి తీయకండి.

గాలి కూడా చూడండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే టైర్‌లో సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే కొలిచి, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత పెట్టండి. గాలి తగ్గిస్తే గ్రిప్ పెరుగుతుందని సలహా ఇచ్చేవాళ్లు డ్రాగ్ స్ట్రిప్‌లో (నేరుగా పరుగు పందేలు పెట్టే ట్రాక్‌లో) వాడే టైర్ల సంగతి చెబుతున్నారు. మీ టైర్లకు అది పనికిరాదు.

వానలో ఉన్నట్టుండి తిరిగిపోతుంది

నాకు జరిగింది ఇదే. మర్నాడు టార్చి పట్టుకుని బండి కింద కూర్చున్నాను. ముందు టైర్లు మంచి కంపెనీవి, కొత్తవి. వెనకవి అగ్గువ టైర్లు, అరిగిపోయినవి, పైగా పాతవి. అమ్మినాయన బండిని మెరిసేలా పాలిష్ చేయించాడు గానీ వెనక టైర్ల మీద డబ్బు పెట్టలేదు. నేనూ ఇంజిన్ చప్పుడు విని మురిసిపోయి, వంగి చూడలేదు.

టైర్ పక్క గోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని అర్థం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే చట్టప్రకారం దాని పని అయిపోయినట్టే. వానలో మాత్రం అంతకు చాలా ముందే, 3 మిల్లీమీటర్ల దగ్గరే, టైర్ నీళ్లను పక్కకు తోయలేక తేలడం మొదలుపెడుతుంది.

ముందు మంచివి, వెనక అరిగినవి ఉంటే అంతకన్నా ప్రమాదం లేదు. ముందు చక్రాలు చక్కగా తిరుగుతాయి, వెనకవి వాటి వెంట రావు. నాలుగూ ఒకే రకం, ఒకే వయసువి వేయించండి. డబ్బు ఒక జతకే ఉంటే కొత్తవి వెనక్కే వేయాలి. నేను నాలుగూ మార్పించాను. చెబితే నమ్మరు, నా భయంలో ముప్పావు వంతు ఆ ఒక్క పనితోనే పోయింది.

గట్టిగా తొక్కితే వెనక దడదడ కొట్టుకుంటుంది

దీన్ని వీల్ హాప్ అంటారు. 2015 నుంచి మస్టాంగ్‌కు వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఇచ్చారు. అది మొత్తం ఒక సబ్‌ఫ్రేమ్ మీద ఉంటుంది. ఆ ఫ్రేమ్‌ను బాడీకి కలిపేది రబ్బరు బుష్‌లు. బలం ఒక్కసారిగా పడితే ఫ్రేమే కదులుతుంది. టైర్ పట్టి, వదిలి, మళ్లీ పట్టి, ఎగురుతుంది. ముందు చేయాల్సింది కాలు తీయడం. అలాగే తొక్కి పట్టుకుంటే చక్రానికి బలం చేర్చే కడ్డీ, హాఫ్ షాఫ్ట్, విరిగే ప్రమాదం ఉంది.

పరిష్కారానికి సబ్‌ఫ్రేమ్ కదలకుండా పట్టే బ్రేస్‌లు, బుష్‌లలో దూర్చే ఇన్సర్ట్‌లు దొరుకుతాయి. నేను బ్రేస్ దగ్గరే ఆగాను. అంతకు మించి బిగిస్తే క్యాబిన్‌లో డిఫరెన్షియల్ (బలాన్ని రెండు వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) రొద మొదలవుతుంది, ఇంట్లో వాళ్లు ఎక్కరు.

ఒక చక్రమే తిరుగుతోంది

రోడ్డు మీద రెండు నల్ల గీతలకు బదులు ఒకటే పడితే ఒక్క చక్రమే ఊరికే తిరగకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌లో క్లచ్ ప్లేట్లు అరిగి ఉండొచ్చు. పార్కింగ్‌లో నెమ్మదిగా తిప్పుతుంటే వెనక గరగరమంటే మొదట ఆయిల్ మార్పించండి, అందులో కలిపే ఫ్రిక్షన్ మోడిఫయర్ మరవకుండా. గేర్లతోనే ఆ పని చేసే టోర్సెన్ డిఫరెన్షియల్ ఉన్న బండికి ఈ క్లచ్ ప్లేట్లు ఉండవు.

లేన్ మారితే వెనక చక్రాలే స్టీరింగ్ తిప్పుతున్నట్టుంది

బండిని కిందికి దించిన స్ప్రింగులు వేసి అలైన్‌మెంట్ చేయించని వాళ్లే ఎక్కువగా ఇలా అంటారు. బండి దిగితే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం), టో (చక్రం ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉండడం) రెండూ మారిపోతాయి. వెనక ఒక్కో చక్రానికి 0.1 డిగ్రీ పైచిలుకు టో-ఇన్, క్యాంబర్ మైనస్ 1 నుంచి మైనస్ 1.5 డిగ్రీల మధ్య ఉంటే రోడ్డుకు చాలు. టో బయటికి ఉంటే మాత్రం ఆ బండి నడపకండి. లావాటి వెనక స్వే బార్ (వంపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) వేసి ఉంటే తీసి పాతది పెట్టి చూడండి. అది వంపుల్లో లోపలి వెనక చక్రం మీది బరువు తగ్గించేస్తుంది. షాకర్ల మీద ఆయిల్ జాడ కనిపిస్తే మార్పించాల్సిందే.

వంపులో భయపడి కాలు తీసేశాను, అప్పుడే తిరిగింది

మనలో చాలామంది మారుతీ మీద నేర్చుకున్నవాళ్లం. అలాంటి ముందు చక్రాల డ్రైవ్ బండి జారితే కాలు తీయగానే దారికొస్తుంది. అంబాసిడర్‌దీ వెనక చక్రాల డ్రైవే, కానీ దానికి టైర్లు తిప్పేంత ఓపిక ఎక్కడిది! మస్టాంగ్‌లో వంపు మధ్యలో టక్కున కాలు తీస్తే బరువంతా ముందుకు వెళ్లి, వెనక తేలికై, ఉన్న కాస్త పట్టూ పోతుంది. కాలు మెల్లగా, సగం దాకా వెనక్కి తీసి, మీరు వెళ్లాల్సిన వైపే చూస్తూ స్టీరింగ్ అటే తిప్పాలి. బ్రేక్ ముట్టుకోకూడదు.

చదివితే ఇది రాదు. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వాళ్లు ఖాళీ పార్కింగ్ లాట్లలో కోన్లు పెట్టి, వాటి మధ్య బండి నడిపే ఆటోక్రాస్ పోటీలు పెడతారు, ఒక్కో బండినే వదులుతారు. బండి తిరిగినా పోయేది కోన్లే. మొదటి రౌండ్‌లో నేను నాలుగు పడేశాను. సాయంత్రానికి, జారబోయే ముందు సీటు కింద వచ్చే చిన్న కదలిక తెలియడం మొదలైంది. రోడ్డు మీద మాత్రం అడ్వాన్స్‌ట్రాక్ (జారుతున్నప్పుడు బండిని తనంతట తానే అదుపు చేసే ఫోర్డ్ సిస్టమ్) ఆపేయకండి. వానకు స్నో/వెట్ మోడ్ పెడితే యాక్సిలరేటర్ మెత్తబడుతుంది. నేను ఆ ర్యాంప్ ఇప్పుడు వానలో కూడా మస్టాంగ్‌లోనే ఎక్కుతున్నాను, కాకపోతే సెకండ్‌లో కాదు, థర్డ్‌లో.